జానెడు చెయ్యి, ఆరు తీగల బేస్

మీ చెయ్యి చిన్నదా? అయితే ఆ సంగతి కాసేపు మర్చిపోండి. బేస్ గిటార్ కొనబోతూ చేతులు చూసుకున్నవాడు ఇక కొన్నట్టే. నా జాన 18 సెంటీమీటర్లు. వేళ్ళు బాగా చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా అన్నమాట. ఈ లెక్క నాకు గిటార్ కొన్న ఏడో నెలలో తెలిసింది. మా వాడి జామెట్రీ బాక్సులో స్కేలు 15 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి రెండుసార్లు జరిపి కొలవాల్సొచ్చింది. ఆ రోజు నాకు కాస్త గర్వం కలిగించిన విషయం అదొక్కటే. ముందే కొలిచి ఉంటే కొనేవాణ్ణే కాదు. కొనకపోతే మీకు ఈ నాలుగు ముక్కలు చెప్పే యోగ్యత వచ్చేదీ కాదు.

ముందు ఆరు తీగలు ఎందుకో తేల్చుకోండి. మామూలు బేస్‌కి నాలుగు తీగలు: ఈ, ఏ, డి, జి. ఐదు తీగలదైతే కింద లో బి కలుస్తుంది. ఆరోది పైన సి. 1975లో న్యూయార్క్‌లో ఆంథొనీ జాక్సన్ అనే ఆయన కార్ల్ థామ్సన్ అనే పనివాడి చేత ఇలాంటిది చేయించుకున్నాడు. దానికి కాంట్రాబేస్ గిటార్ అని పేరు పెట్టుకున్నాడు. స్టూడియోల్లో వాయించే మనిషి, ఇంకా కిందకీ ఇంకా పైకీ స్వరాలు కావాల్సొచ్చాయి, చేయించుకున్నాడు. నా కారణం అంతకంటే బలమైనది. మా బావమరిది దగ్గర ఐదు తీగలది ఉంది.

మీకూ ఇలాంటి కారణం ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి. ఏ పాటలు వాయిస్తాం, వాటికి ఆ రెండు తీగలు అవసరమా అని మాత్రం ఆలోచించకండి. మన పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, చర్చి క్వయర్లలో ఏళ్ళ తరబడి నాలుగు తీగలతోనే నెట్టుకొస్తున్నవాళ్ళు వందలమంది ఉన్నారు. వాళ్ళని అడిగితే నాలుగు చాలంటారు. అందుకే అడగకూడదు.

ఇంట్లోవాళ్ళు ఆరెందుకండీ అంటే వీణ చూపించండి. ఏడు తీగలు, 24 మెట్లు. బేస్‌కీ 24 ఫ్రెట్లే, తీగలు ఒకటి తక్కువ కూడానూ, మన సంప్రదాయం కంటే పొదుపుగానే ఉన్నాం కదా అనండి. ఆ ఏడింటిలో పాట పలికేవి నాలుగేననీ, మిగతా మూడూ తాళం తీగలనీ వాళ్ళకి తెలిసుంటే మాట మార్చేయండి. మాండలిన్ శ్రీనివాస్ పేరు మాత్రం పొరపాటున కూడా ఎత్తొద్దు. పాలకొల్లులో పుట్టిన ఆ మహానుభావుడు ఎనిమిది తీగల మాండలిన్‌ని ఐదు తీగలకు దించి, దాని మీద కర్ణాటక సంగీతాన్ని పరుగులెత్తించాడు. తన సంగీతానికి ఏది కావాలో చూసుకుని తీగలు తగ్గించుకున్నవాళ్ళ ఉదాహరణలు మనకు పనికిరావు.

ఇక పొడవు. మెడ మీద తల దగ్గరుండే నట్ నుంచి ఒంటి మీదుండే బ్రిడ్జ్ దాకా తీగ పొడవుని స్కేల్ లెంగ్త్ అంటారు. 1951లో లియో ఫెండర్ తన ప్రెసిషన్ బేస్‌కి 34 అంగుళాలు పెట్టాడు, అప్పటి నుంచీ లోకమంతా దాన్నే పట్టుకు వేలాడుతోంది. 30 అంగుళాల పొట్టివీ ఉన్నాయి. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ చేతిలో కనిపించే ఆ వయొలిన్ ఆకారపు హాఫ్నర్ అలాంటిదే. అంత చిన్న గిటార్ పట్టుకుని ఆయన ఏపాటి వాడయ్యాడో మీకు తెలుసు. మనం 35 కొనాలి. టీవీ కొనేటప్పుడు అంగుళాలు తగ్గించుకుంటామా? షాపులో ఎవరైనా 34 అంగుళాల దాని మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి 13 సెంటీమీటర్లు ఉంటుంది సార్, 30 అయితే పదకొండున్నరే అని చెప్పబోతే, లో బి తీగ బిగువుగా పలకాలంటే పొడవుండాలయ్యా అని గట్టిగా అనండి. ఈ మాటలో కొంత నిజం ఉంది. కొంత నిజమున్న మాటకి ఎదురు చెప్పడం కష్టం.

నిజానికి ఆ ఒక్క అంగుళంతో మొదటి ఫ్రెట్ దగ్గర పెరిగేది మిల్లీమీటరున్నర కూడా కాదు. అందరూ పొడవు చూసి భయపడతారు. భయపడాల్సింది వెడల్పు చూసి, అందుకే దాని గురించి షాపులో నోరెత్తకూడదు. జాజ్ బేస్ అని నాలుగు తీగలది ఒకటుంది, దాని మెడ నట్ దగ్గర 38 మిల్లీమీటర్లు. ఆరు తీగల వాటికి 54 దాకా ఉంటుంది. ఆ తేడా కాగితం మీద బొటనవేలి మందం అంతే. మెడ వెనక నుంచి చెయ్యి చుట్టి లో బి దాకా వేలు పంపబోయినప్పుడు మాత్రం మణికట్టు పాత కుళాయిలా వంగుతుంది, వేలు వెళ్ళాక ఇక నొక్కడానికి దానిలో ఓపిక ఉండదు. కొన్ని కంపెనీలు మెడని సన్నగా, పల్చగా చెక్కుతాయి. ఐబనెజ్ ఎస్‌ఆర్ వరసకి ఆ పేరుంది. అవి మనకొద్దు. నా దాని మెడ వెనక చెయ్యి పెడితే రోకలి పట్టుకున్నట్టుంటుంది. వస్తువంటే అలా ఉండాలి, దొంగలొచ్చినా ఉపయోగం.

తీగకీ తీగకీ మధ్య దూరం విషయంలోనూ ఇంతే. నాలుగు తీగల బేస్‌కి బ్రిడ్జ్ దగ్గర 19 మిల్లీమీటర్లు మామూలు. ఆరు తీగల వాటిలో 16, 17కి తగ్గించినవి దొరుకుతాయి. చిన్న చేతులకి అవి హాయి. కుడిచేత్తో తీగల్ని కొట్టీ లాగీ స్లాప్ వాయించేవాళ్ళు మాత్రం వేలు దూరడం లేదని సణుగుతారు. నాకు స్లాప్ రాదు. ఎప్పటికైనా వస్తుందేమో అని 19 ఉన్నదే తీసుకున్నాను.

షాపుకి వెళ్ళినప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకోండి. నేను వెళ్ళిన చోట కౌంటర్ దగ్గర ఓ కుర్రాడున్నాడు. "సార్, ఓసారి కూర్చుని ఒళ్ళో పెట్టుకు చూడండి. లో బి మీద మొదటి ఫ్రెట్ నొక్కండి, తర్వాత సి మీదకెళ్ళండి, చెయ్యి ఎక్కడ బిగుసుకుంటోందో తెలిసిపోద్ది" అన్నాడు. తన వస్తువు తనే అమ్ముకోలేని మనిషిలా ఉన్నాడు పాపం. నేను నిలబడే చూశాను. చెక్క మీద పులిచారల్లాంటి నరాలు, వాటి మీద తేనె రంగు పాలిష్, బంగారు రంగు మరలు. పక్కనే 34 అంగుళాలది ఒకటి ఉంది, నల్లగా, బడిపిల్లవాడి బూటులా. ఏడెనిమిది వేలు తక్కువ. దాని వంక చూడను కూడా చూడలేదు. నా బడ్జెట్ 45 వేలు, పులిచారలది 44,500. మిగిలిన 500కి స్ట్రాప్ ఇచ్చాడు, సన్నది, నైలాన్‌ది. లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

ఇక్కడో చిన్న హెచ్చరిక. ఆరు తీగల బేస్ అంటూ కొందరు మీకు బేస్ సిక్స్ చూపిస్తారు. 1961లో ఫెండర్ తెచ్చిన రకం అది. పొడవు 30 అంగుళాలు, తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి, గిటార్‌కి ఎలాగో దానికీ ఈ నుంచి ఈ దాకానే శ్రుతి, కాకపోతే ఒక స్థాయి కింద. లో బి ఉండదు. మన ఆరు తీగల దానితో దానికి చుట్టరికం పేరు వరకే. చిన్న చేతులవాళ్ళు కొందరు తెలియక అది కొని, అలవాటు చేసుకుని, పాటలు వాయించేస్తున్నారని విన్నాను. జాగ్రత్త.

డబ్బు మొత్తం గిటార్ మీదే పెట్టేయాలన్నది నా గట్టి సలహా. సెటప్ అనేది ఒకటుందని చెబుతారు. మెడలోని ట్రస్ రాడ్ తిప్పి వంపు సరిచేసి, బ్రిడ్జ్ మీద తీగలు దించి, 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్, అంటే ఫ్రెట్ మీద తీగ ఎత్తు, రెండు రెండున్నర మిల్లీమీటర్లకు తెస్తారట. మన ఎండాకాలానికీ వానాకాలానికీ చెక్క ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది కాబట్టి ఏడాదికోసారైనా చూపించుకోవాలట. నా దాంట్లో తీగకీ ఫ్రెట్‌కీ మధ్య మా ఆవిడ కుంకుమ భరిణె మూత దూరుతుంది. నొక్కడానికి బలం కావాలి, నిజమే. బలం వస్తుంది కూడా. ఆఫీసులో కదలని సీసా మూతలన్నీ ఇప్పుడు నా దగ్గరికే తెస్తున్నారు.

యాంప్ కూడా కొనక్కర్లేదు. కీబోర్డు వాయించే స్నేహితుడి దగ్గర పాతది, 10 వాట్లది, అరువు తెచ్చుకున్నాను. లో బి అంటే సెకనుకి 31 సార్లు ఊగే స్వరం. అంత కింది స్వరాన్ని ఆ అరచేతి స్పీకర్ మొయ్యలేదు. వినపడదు గానీ కనపడుతుంది, తీగ మీటగానే కోన్ వణుకుతుంది. గదిలో దీపం ఆర్పకుండా సాధన చేస్తే చాలు. ఇక వాయించని తీగలు వాటంతట అవే మోగుతుంటాయి, ఆరు తీగలతో ఇదో తద్దినం. కుడి బొటనవేలిని తీగల మీద జార్చుకుంటూ లావు తీగల నోరు నొక్కడం నేర్చుకోవాలంటారు. నేను నేర్చుకోలేదు. మోగనివ్వండి, తంబుర ఖర్చు కలిసొస్తుంది.

గిటార్ మోకాళ్ళ దాకా వేలాడాలి. స్టేజీ మీద అందంగా కనిపించేది అదే. నాదాని బరువు ఐదు కేజీలు, అందులో సగం మెడ చివర తల దగ్గరే ఉన్నట్టుంటుంది. వదిలేస్తే మెడ నేలవైపు వాలిపోతుంది, ఎడమచేత్తో దాన్ని ఎత్తిపట్టుకునే వాయించాలి. ఆ సన్న నైలాన్ పట్టీ భుజం మీద గీత పెడుతుంది. వెడల్పాటి తోలు పట్టీ వేస్తే జారదు, భుజమూ నొప్పెట్టదు అన్నారు ఎవరో, అప్పటికి నా 500 అయిపోయాయి. మూడో నెలలో బొటనవేలు తిమ్మిరెక్కడం మొదలైంది. తిమ్మిరంటే చెయ్యి పెద్దదవుతోందని అనుకున్నాను. మణికట్టు వాచాక డాక్టర్ దగ్గరికి వెళితే, మీరేం పని చేస్తారండీ అని అడిగాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటానంటే నమ్మలేదు. బస్తాలు మోస్తారా అని మళ్ళీ అడిగాడు. ఆరు వారాలు ముట్టుకోవద్దన్నాడు. మధ్యలో ఆపితే సాధన పోతుందని నేను మూడు వారాలకే మొదలుపెట్టాను, తర్వాత తొమ్మిది వారాలు ఆపాల్సొచ్చింది.

క్రిస్మస్‌కి మా బావమరిది వాళ్ళు వచ్చారు. వాళ్ళమ్మాయి ఇంటర్ చదువుతోంది, సికింద్రాబాద్‌లో వాళ్ళ చర్చిలో ఆదివారం ఆరాధనకి బేస్ వాయిస్తుంది. తనది నాలుగు తీగలదే. ఎంత చెయ్యి అనుకున్నారు? నా అరచేతికి ఆనించి చూస్తే వేళ్ళు నా పై కణుపుల దగ్గరే ఆగిపోయాయి. మంచం కింద నుంచి పెట్టె లాగి, కాస్త ఓడించినట్టు ఉంటుందని, వాయించమ్మాయ్ అన్నాను. తింటున్న అరిసె పక్కన పెట్టి, వేళ్ళ నెయ్యి చున్నీకి తుడుచుకుని తీసుకుంది.

"మామయ్యా, ఇది 35 కదా? బరువు బాగానే ఉందే."

కుర్చీలో కూర్చుని గిటార్ ఎడమ తొడ మీద పెట్టుకుంది. మెడ తల తన చెవి ఎత్తుకి లేచింది. అంతవరకూ పాత కుళాయిలా వంగిన మణికట్టునే చూసిన నాకు ఆ చెయ్యి తిన్నగా ఉండటం చూసి ఏదో లోపం ఉందనిపించింది.

"మీరు పట్టుకునేది చూపించండి" అంది. చూపించాను. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు, నాలుగూ విసనకర్రలా చాపి.

"అక్కడికి అసలెందుకెళ్తున్నారు మామయ్యా? ఆరు తీగలది కొనుక్కున్నదే అక్కడికి వెళ్ళక్కర్లేకుండా కదా! లో బి మీద ఐదో ఫ్రెట్‌లో మీ ఈ ఉంది, చూడండి."

ఐదో ఫ్రెట్ మీద చూపుడు వేలు పెట్టి అక్కడి నుంచి కదల్లేదు. ఐదు నుంచి ఎనిమిది దాకా నాలుగు ఫ్రెట్లు, ఆరు తీగలు. కింద ఈ నుంచి పైకి రెండు స్థాయిలు దాటి ఇంకా నాలుగు స్వరస్థానాలు, చెయ్యి జరపకుండా. ఆ రాత్రి స్కేలు మళ్ళీ తీశాను. నా గిటార్ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగుకి 13 సెంటీమీటర్ల పైచిలుకు. ఐదు నుంచి ఎనిమిదికి పదిన్నర. ఆ తేడా కోసం నేను ఏడు నెలలు వేళ్ళు పీక్కున్నాను.

కింది ఫ్రెట్లకు వెళ్ళాల్సొస్తే వేరే పద్ధతి ఉందని చూపించింది. చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు. ఉంగరపు వేలు చిటికెన వేలికి తోడుగా వెళుతుంది, ఒంటరిగా పనిచెయ్యదు. మూడు ఫ్రెట్లే అందుకుని, నాలుగోదానికి చెయ్యే జరుపుతుంది. డబుల్ బేస్ వాళ్ళ పద్ధతట, 19వ శతాబ్దంలో వియన్నాలో సిమాండల్ అనే మాస్టారు పుస్తకంగా రాసిపెట్టాడట. మన వైణికులు చూపుడు, మధ్య వేళ్ళు రెండింటితోనే 24 మెట్లూ తిరిగి వస్తారు, వాళ్ళనెవరూ చెయ్యి చిన్నదని అనలేదు. ఇవన్నీ తెలిశాక కూడా నేను నా విసనకర్ర మానలేదు. అలవాటైన నొప్పి.

కాసేపు వాయించి, ఎడమచేతి మణికట్టు తిప్పుకుంటూ వెనక్కిచ్చేసింది. "నేనైతే ఇది కొనను మామయ్యా. 34 అంగుళాలది, మెడ సన్నగా ఉన్నది, తీగల మధ్య 16, 17 ఉన్నది చూస్తాను. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్లేదు. మిగిలినదాంతో సెటప్ చేయించి, ఓ వెడల్పాటి స్ట్రాప్ కొంటాను. కొనేముందు పది నిమిషాలు కూర్చుని లో బి మీద వాయించి చూస్తాను, చెయ్యి నొప్పెడితే లేచొచ్చేస్తాను." ఇలాంటి మాటలు వినకండి. వయసులో చిన్నవాళ్ళు, డబ్బు విలువ తెలియదు. 44,500 పెట్టి కొన్న వస్తువుని పది నిమిషాల నొప్పితో తూచేస్తారా? మా బావమరిది ఏమీ అనలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఉందే, అది మాత్రం వాళ్ళావిడ చెవిలో చెప్పాడు, నాకు వినిపించేంత మెల్లగా.

మద్దెల ఓడు కాదని నేను నిరూపించగలను. నేను చెప్పినట్టే కొనదలచుకున్నవాళ్ళు షాపుల వెంట తిరగక్కర్లేదు, అలాంటిది ఒకటి నా దగ్గరే ఉంది. 35 అంగుళాలు, 24 ఫ్రెట్లు, ఐదు కేజీలు, తేనె రంగు మీద పులిచారలు. ఆరు తీగల్లో లో బి, సి ఇంకా కొత్తవాటి కిందే లెక్క. నైలాన్ స్ట్రాప్ ఉచితం. ధర 38 వేలు, బేరం లేదు, మరీ అడిగితే 30. ఆదివారం పొద్దున తప్ప ఎప్పుడొచ్చినా ఇంట్లోనే ఉంటాను. మోసుకెళ్ళడానికి ఓ మనిషిని వెంట తెచ్చుకోండి. స్కేలు మాత్రం తేవద్దు.